పన్ను ఫారమును సరిదిద్దుటకు ఎవరిని పిలువవలయును?

పాఠశాల వార్షిక పత్రికలో పన్నుల ప్రసంగ మేల యని చదువరులు కొందఱు ఆశ్చర్యపడవచ్చును. పిల్లల చదువునకును, తలిదండ్రులు ప్రభుత్వమునకు చెల్లించు ఆదాయపు పన్నునకును ఒక లంకె కలదు. చదువునకై వెచ్చించిన సొమ్మును లెక్కలోనికి దీసికొని, కొంత పన్నును తగ్గించు ఏర్పాటు మన దేశమునందును, అమెరికా మొదలగు దేశములందును ఉన్నది. అయితే ఈ యుపకారము దానంతట నదియే యింటికి నడచి రాదు. ఒక ఫారము నింపవలయును. ఆ ఫారము అర్థమైనవానికి సొమ్ము దక్కును. అర్థము కానివానికి దక్కదు. సగము మాత్రమే యర్థమైనవానికి ఒక్కొక్కప్పుడు జరిమానాయే దక్కును. కావున ఫారములను సిద్ధపఱచు కచేరీలవారు, వానిని నింపువారిలో కొందఱిని ముందుగా పిలిపించి, కూర్చుండబెట్టి, "ఇది మీకెట్లు తోచుచున్నది?" అని యడిగి తెలిసికొనుట యొక పద్ధతియైనది. అట్టి గోష్ఠికి ఎవరిని పిలువవలయును, ఎట్లు పిలువవలయును అను సంగతిని గుఱించియే మేమిచట వ్రాయుచున్నాము. చూపునకిది చిన్న సంగతి. కాని గోష్ఠివలన కలుగు ఫలమంతయు దీనిమీదనే నిలిచియున్నదని మా యభిప్రాయము.

మొదట మన యింటి సంగతి చూతము. కొత్తవలస వంటి యూరిలో ఆదాయపు పన్ను చెల్లించువారెవరు? రైల్వే యుద్యోగులు, ఉపాధ్యాయులు, బ్యాంకు గుమాస్తాలు, విశాఖపట్టణమునకు నిత్యము రైలెక్కి పోయివచ్చు కర్మాగారపు పనివారు, కొందఱు వర్తకులు. వీరిలో జీతగాండ్ర యిండ్లయందు జనవరి, ఫిబ్రవరి మాసములు వచ్చినవన్నచో ఫీజు రసీదుల వెదకులాట మొదలగును. బీరువా యడుగున నొకటి దొరకును. పిల్లవాని పాత నోటుపుస్తకములో నొకటి దొరకును. మూడవది యెచ్చటను కానరాదు. దాని నకలు కొఱకు బడి గుమాస్తా యొద్దకు పరుగు. రసీదు దొరకినను చిక్కు తీరదు. 1961 సంవత్సరపు ఆదాయపు పన్ను చట్టములోని 80సి విభాగము క్రింద, ఇద్దఱు పిల్లల వఱకు, మన దేశములోని విద్యాలయములకు పూర్తికాలపు చదువు నిమిత్తము చెల్లించిన ట్యూషను ఫీజును మాత్రమే ఆదాయమునుండి తగ్గించి చూపవచ్చునని యుండెను. అభివృద్ధి ఫీజు పనికిరాదు. విరాళము పనికిరాదు. బస్సు రుసుము ట్యూషను ఫీజు కాదు. అయితే రసీదులో "ట్యూషను మఱియు ఇతర ఫీజులు" అని యొక్క మొత్తముగా వ్రాసియున్నచో తండ్రి యేమి చేయవలయును? ఫారములో ఒక్క గడియే యున్నది. దానిలో ఏ యంకె వేయవలయునో ఆ గడి చెప్పదు.

మఱియొక చిక్కు. ఈ మినహాయింపునకు 2014 నుండి పరిమితి 1,50,000 రూపాయలు. కాని యీ పరిమితి ఫీజునకు మాత్రమే కాదు. భవిష్యనిధి, జీవిత భీమా, గృహఋణపు అసలు, ఇవన్నియు ఆ యొక్క గంపలోనివే. భవిష్యనిధితోడను భీమాతోడను గంప నిండిపోయిన యుద్యోగికి ఫీజు రసీదువలన పైసా లాభము లేదు. అయినను అతడు రసీదు వెదకుచునే యుండును. ఏలయనగా ఆ సంగతి ఎవరును అతనికి చెప్పలేదు. 2020లో తక్కువ రేట్ల కొత్త పన్నుపద్ధతి వచ్చినది. 2023–24 ఆర్థిక సంవత్సరమునుండి, వేఱుగా కోరుకొననివారి కందఱకును అదియే వర్తించుచున్నది. దానిలో ఈ మినహాయింపు లేనే లేదు. 2026 ఏప్రిల్ 1వ తేదీనుండి 1961 చట్టమునకు మాఱుగా 2025 చట్టము అమలునకు వచ్చినది. పాతపద్ధతి నెన్నుకొన్నవారికి ట్యూషను ఫీజు మినహాయింపు దానియందును నిలిచినది గాని, అందఱకు నోటికి వచ్చిన 80సి యను పేరు మాత్రము పోయినది. ఇన్ని మార్పులు వచ్చినప్పుడు సామాన్యుడు తికమకపడుట వింతగాదు.

ఇక అమెరికా సంగతి. మన జిల్లాలనుండియు ఎందఱో యువకులు, యువతులు అచటికి చదువులకును ఉద్యోగములకును పోయియున్నారు గావున ఇది పరాయి కథ కాదు. అచటి పద్ధతికిని మన పద్ధతికిని ఒక ముఖ్యభేదము కలదు. మన మినహాయింపు ఆదాయమునుండి తీసివేయబడును. నూటికి 20 రూపాయల రేటున పన్ను చెల్లించువాడు 40,000 రూపాయల ఫీజు చూపినచో, సెస్సును విడిచి లెక్కించిన, అతనికి తగ్గు పన్ను 8,000 రూపాయలు. అమెరికావారి విద్యావ్యయపు రాయితీ యట్లు కాక పన్నులోనే కోతపడును. 1997లో చేయబడిన చట్టమువలన ఇట్టి రాయితీలు రెండు ఏర్పడెను. వానిలో నొకదానికి మాఱుగా 2009లో 'అమెరికన్ ఆపర్ట్యూనిటీ' అనునది వచ్చి, 2015లో శాశ్వతమయ్యెను. కళాశాలలో మొదటి నాలుగేండ్ల చదువునకు, ఒక్కొక్క విద్యార్థికి, వెచ్చించిన మొదటి 2,000 డాలర్లు పూర్తిగాను, తరువాతి 2,000 డాలర్లలో నాలుగవవంతును, మొత్తముమీద సంవత్సరమునకు 2,500 డాలర్ల వఱకు పన్నులో తగ్గును. కట్టవలసిన పన్నేమియు లేనివానికి గూడ దీనిలో నూటికి 40 వంతులు, అనగా 1,000 డాలర్ల వఱకు, చేతికి వచ్చుట కలదు. 'లైఫ్‌టైం లెర్నింగు' అను రెండవ రాయితీ కుటుంబమునకు 2,000 డాలర్లను మించదు. ఆదాయము హెచ్చినకొలది రెండును క్షీణించి, ఒక హద్దు దాటిన పిమ్మట లేకుండ పోవును.

ఈ రెంటిని కోరుటకు నింపవలసిన ఫారమునకు 8863 అని సంఖ్య. ఇది రెండు పుటల ఫారము. మొదటి పుటలో ఒకటవ, రెండవ భాగములు. రెండవ పుటలో మూడవ భాగము. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని ఫారము పైభాగముననే యొక హెచ్చరిక ముద్రింపబడియున్నది: ఒక్కొక్క విద్యార్థికి రెండవ పుటలోని మూడవ భాగమును ముందుగా నింపి, ఆ తరువాతనే మొదటి పుటలోని ఒకటవ, రెండవ భాగములను నింపవలయునట! పరీక్షాపత్రములో నాలుగవ ప్రశ్నకు ఉత్తరము వ్రాసినగాని మొదటి ప్రశ్న అర్థము కాదని మేము పిల్లలకు చెప్పినచో వారు మమ్మెట్లు చూతురో చదువరులే యూహింతురు గాక. లెక్కవేయువారికి ఈ క్రమములో ఒక న్యాయమున్నది. పైనుండి క్రిందికి చదువు మానవుని కన్నునకు మాత్రము అది లేదు.

దీనికి తోడు కళాశాలవారు విద్యార్థికి 1098-టి అను కాగితమును పంపుదురు. దానిలో కళాశాలకు ముట్టిన రుసుము ఉండును. 2018కి పూర్వము కొన్ని కళాశాలలు ముట్టిన సొమ్మునకు మాఱు, కట్టవలసినదని తాము వ్రాసిన బిల్లు మొత్తమునే చూపెడివి. డిసెంబరులో బిల్లు వేసి జనవరిలో సొమ్ము పుచ్చుకొనినచో అది యే సంవత్సరపు లెక్కయో తెలియక తండ్రులు తలలు పట్టుకొనెడివారు. బయటి అంగడిలో కొన్న పాఠ్యపుస్తకముల వెల ఆ కాగితములో కనబడదు. మొదటి రాయితీకి మాత్రము ఆ వెలను లెక్కలో చేర్చుకొనవచ్చును. ఫీజును విద్యార్థియే కూలిచేసి కట్టుకొనినను, ఆ విద్యార్థిని తమ పోషణలోనివానిగా తలిదండ్రులు చూపుకొనినచో రాయితీ వారికే చెందును. మన తెలుగు విద్యార్థులకు ముఖ్యమైన మాట యొకటి. ఎఫ్-1 వీసాపై పోయినవారు మొదటి అయిదు క్యాలెండరు సంవత్సరములు సామాన్యముగా పన్నువిషయమున ఆ దేశవాసులుగా నెన్నబడరు. అట్టివారికి ఈ రాయితీ సామాన్యముగా చెల్లదు. అయినను కళాశాల వారికిని 1098-టి కాగితము పంపుట కలదు. కాగితము వచ్చినది గావున రాయితీయు మనదే యని తలచి కోరినవారు తరువాత ఆ సొమ్మును తిరిగి కట్టవలసి వచ్చును.

ఇట్టి ఫారమువలన రెండు విధముల నష్టము కలుగును. అమెరికా చట్టసభకు ప్రభుత్వపు పనులను తనిఖీచేసి నివేదించు గవర్నమెంటు అకౌంటబిలిటీ ఆఫీసు 2012లో ఒక నివేదికను ప్రకటించెను. 2009వ సంవత్సరపు లెక్కలలో, విద్యావ్యయమునకు రాయితీనో మినహాయింపునో పొందుటకు అర్హులుగా కనబడిన కుటుంబములు దాదాపు 1 కోటి 10 లక్షలు. అందు 15 లక్షల కుటుంబములు, అనగా నూటికి 14 వంతులు, ఏమియు కోరలేదు. సగటున ఒక్కొక్కరు పోగొట్టుకొన్నది 466 డాలర్లు. అంతకు ముందటి యేట, అనగా 2011లో, పన్నుల పాలనను తనిఖీచేయు ట్రెజరీ ఇన్‌స్పెక్టరు జనరలు మఱియొక ప్రక్కనుండి చూచి, 21 లక్షలమంది 320 కోట్ల డాలర్ల మేరకు అర్హతలేకయే ఈ రాయితీలను పొందినట్లు కనబడుచున్నదని వ్రాసెను. రావలసినవారికి రాలేదు, రాకూడనివారికి వచ్చినది. వీరందఱును దొంగలు కారు. వారందఱును సోమరులు కారు. ఒకే ఫారము ఎదుట రెండు తెగల మనుష్యులు రెండు విధములుగా తప్పటడుగు వేసిరి.

ఇట్టి సందర్భముననే ఫారము నింపువారిని పిలిచి మాటలాడించు యోచన కలుగును. దీనికి ఆంగ్లేయభాషలో ఫోకస్ గ్రూపు అని పేరు. ఒక్క విషయమునందే మనస్సును నిలిపి మాటలాడుకొను చిన్నగోష్ఠి యని మనము చెప్పుకొనవచ్చును. సామాన్యముగా ఆఱుగురు మొదలు పదిమంది వఱకు, ఒకటిన్నర రెండు గంటలసేపు, ఒక మధ్యవర్తి నడుపగా జరుగును. దీని పుట్టుక యొక చిత్రమైన కథ. 1941 నవంబరులో న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయములో పనిచేయుచుండిన పాల్ లాజర్స్‌ఫెల్డు తన తోటి ఆచార్యుడైన రాబర్టు మెర్టనును విందునకు పిలిచి, ఆ రాత్రియే యొక రేడియో స్టూడియోకు తీసికొనిపోయెను. అచట కొందఱు శ్రోతలు ఒక ప్రసంగమును వినుచు, నచ్చినప్పుడు ఆకుపచ్చ మీటను, నచ్చనప్పుడు ఎఱ్ఱ మీటను నొక్కుచుండిరి. తరువాత ఒకడు వారిని ప్రశ్నించుచుండెను. ఆ ప్రశ్నలడుగువాడు తనకు తెలియకయే శ్రోతల నోట తనకు కావలసిన యుత్తరములను పలికించుచున్నాడని మెర్టను కనిపెట్టెను. అటుపైన అతడును ప్యాట్రీషియా కెండాలును 1946లో దీనిని గుఱించి యొక వ్యాసము ప్రకటించిరి. 1956లో మార్జొరీ ఫిస్కేతో కలిసి గ్రంథమే వ్రాసిరి. ఆ తరువాతి కాలమున సబ్బులమ్మువారును ఓట్లు కోరువారును ఈ పద్ధతిని చేపట్టిరి. పన్ను కచేరీలవారు దీనిని చేపట్టుట మాకు మేలుగనే తోచుచున్నది.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. ఎవరిని పిలువవలయును?

శిక్షణ కళాశాలలో మాకు మొదట నేర్పిన సంగతులలో నొకటి యిది. తరగతినంతటిని చూచి "అర్థమైనదా?" అని యడుగరాదు. అడిగితిమా, ముందు బల్లలవారు "అయినదండీ" యందురు. వెనుక బల్లలవారు తలలు వంచుకొందురు. ఉపాధ్యాయుడు పాఠము చక్కగా చెప్పితినని సంతోషించును. అర్థము కానివాడు అర్థము కాలేదని చెప్పుటకును కొంత యర్థమై యుండవలయును. పన్ను ఫారము విషయమునను అంతే. "మా ఫారమును గుఱించి మాటలాడ గోరువారు రావలసినది" అని ప్రకటన వేసినచో వచ్చువారెవరు? పత్రికలు చదువువారు, తీరిక గలవారు, లెక్కలయందు ఇష్టము గలవారు, కచేరీపై కోపము గలవారు. ఫారము చూచి భయపడి మూసివేసినవాడు రాడు. తనకొక రాయితీ కలదని తెలియనివాడు మొదలే రాడు. ఆ 15 లక్షల కుటుంబములలో ఒక్కటియైన ఆ గదిలో లేనిచో ఆ గోష్ఠి దేనికి?

మన దేశములో 2024 అక్టోబరున, పాత ఆదాయపు పన్ను చట్టమును తిరుగ వ్రాయుట కొఱకు ప్రత్యక్ష పన్నుల కేంద్ర మండలి ప్రజల సూచనలను కోరెను. భాషను సులభము చేయుట, వివాదములను తగ్గించుట, పన్నుదారుని పనిని తగ్గించుట, పనికిమాలిన నిబంధనలను తీసివేయుట అను నాలుగు శీర్షికల క్రింద శాఖవారి పోర్టలులో వ్రాయవలసినదనిరి. పేరును మొబైలు నెంబరును ఇచ్చి, ఓటీపీతో ధ్రువపఱచుకొని లోనికి పోవలయును. 20,976 సూచనలు వచ్చినవని ప్రభుత్వము తెలిపినది. పాతచట్టములో 819 విభాగములుండగా కొత్తదానిలో 536 మాత్రమే. పదముల సంఖ్య 5 లక్షల 12 వేలనుండి 2 లక్షల 60 వేలకు దిగినది. ఇది మెచ్చదగిన పనియే. అయితే తలుపు తీసియుంచి లోనికి వచ్చినవారి మాట వినుట వేఱు, తలుపు వద్దకు రానివారిని వెదకి పిలుచుకొని వచ్చుట వేఱు. మొదటిదానివలన నిపుణుల సలహా లభించును. వెనుక బల్లవాని కష్టము రెండవదానివలననే తెలియును.

అట్లు వెదకి పిలుచుటకు ఒక క్రమము కలదు. మొదట ఎన్ని తెగలవారు కావలయునో నిర్ణయించుకొందురు. విద్యావ్యయపు రాయితీకి సంబంధించినంతవఱకు మా దృష్టిలో తెగలు నాలుగు. రాయితీని కోరి సరిగా పొందినవారు. కోరినను కచేరీవారు త్రోసిపుచ్చినవారు. పిల్లలు కళాశాలలో నుండియు కోరనివారు. తామే ఫారము నింపక మఱియొకరిచేత నింపించినవారు. వీరిని కలగలుపుగా ఒక్క గదిలో కూర్చుండబెట్టరాదు. తెలిసినవాడు మాటలాడ మొదలిడినచో తెలియనివాడు నోరు విప్పడు. అందుచేత ఒక్కొక్క తెగకు వేఱు గోష్ఠి. భార్యాభర్త లిరువురిని ఒకే గోష్ఠికి పిలువకుండుటయు మంచిది. మన యిండ్లలో లెక్కల మాట వచ్చినచో ఒకరే మాటలాడుదురు.

తరువాత వడపోత ప్రశ్నలు. పిలువదలచినవారికి ఫోను చేసి అయిదాఱు చిన్న ప్రశ్నలు వేసి, వారు ఏ తెగకు చెందుదురో తేల్చుకొందురు. ఈ ప్రశ్నలలోనే యసలు నేర్పు ఉన్నది. "మీకు విద్యావ్యయపు రాయితీని గుఱించి తెలియునా?" అని యడిగినచో ఆ మాటయే వారికి పాఠము చెప్పినట్లగును, గోష్ఠికి వచ్చులోపల ఆ రాత్రియే యెవరినో యడిగి తెలిసికొని వత్తురు. అందుచేత ప్రశ్న చుట్టుదారిని పోవలయును. నిరుడు మీ యింట కళాశాలలో చదివినవా రెవరైన నుండిరా? పన్ను కాగితములను మీ యింట ఎవరు నింపుదురు? ఆ సమయమున ఏయే కాగితములు దగ్గఱ నుంచుకొందురు? ఇంతవఱకే. తమకేమి కావలయునో పిలుచువారు పైకి తెలియనీయరాదు. పన్ను కచేరీలలోను ఆడిటర్ల యొద్దను పనిచేయువారు, ఇటీవల ఇట్టి గోష్ఠికి వచ్చిపోయినవారు ఇచటనే తప్పింపబడుదురు. కొందఱు గోష్ఠులకు పోవుటయే యొక వృత్తిగా చేసికొందురని ఈ పనిలోనివారు చెప్పుదురు.

పిలిచినవారందఱును రారు. ఎనమండుగురు కావలసినచో పదిమందినో పండ్రెండుగురినో పిలువవలయును. అందఱును వచ్చినచో మిగిలినవారికి మర్యాద చేసి, మాట యిచ్చిన పైకము నిచ్చి పంపివేయవలయును. పైకమనగానే కొందఱు ముఖము చిట్లింతురు. ప్రభుత్వమునకు సలహా చెప్పుటకు కూలియా యని. కాని ఒక పూట పని మానుకొని, బస్సు ఛార్జీ పెట్టుకొని, పిల్లలను ఎవరికో యొప్పగించి రావలసిన తల్లికి ఏమియు నీయకున్నచో ఆమె రాదు. అప్పుడు జీతము నష్టపడనివారే వత్తురు. పైకము మితిమీరినను కీడే. పైకమునకై అబద్ధపు జవాబులు చెప్పి వడపోత దాటువారు బయలుదేరుదురు. వేళ గూడ ముఖ్యము. పగటివేళ గోష్ఠికి ఉద్యోగము లేనివారే వత్తురు. సాయంకాలపు గోష్ఠికి స్త్రీలు జంకుదురు. ఆదివారము మధ్యాహ్నము మన వైపున కొంత నయము.

కొత్తవలసలో ఇట్టి గోష్ఠి యొకటి జరుపవలసి వచ్చినదనుకొందము. అప్పుడు ఫోనులో సంభాషణ ఎట్లుండును? పిలుచువాడు "అయ్యా, పిల్లల ఫీజులు నిరుడు పన్నులో చూపించుకున్నారా?" అని తిన్నగా అడిగినాడా, అవతలివారు "అవన్నీ మా ఆడిటరుగారికే తెలుసు బాబూ, మమ్మల్నడిగితే ఏటి తెలుస్తది" అని పెట్టివేయుదురు. ఈ జవాబును విని పిలుచువాడు ఆ పేరు కొట్టివేయరాదు. ఆ జవాబే కావలసినది. మన వైపున జీతగాండ్రలో పలువురకు ఫారము ఎట్లుండునో తెలియదు. ఆడిటరుగారో, ఇంటర్నెట్ సెంటరులోని కుఱ్ఱవాడో, కచేరీలో లెక్కలు తెలిసిన యొక సహోద్యోగియో దానిని నింపును. అమెరికాలోనైన పెక్కుండ్రు కూలికి నింపువారి చేతనో, కంప్యూటరు ప్రోగ్రాము చేతనో నింపించుకొందురు. అట్టివారికి 8863 సంఖ్యయే కంటబడదు. తెరమీద ప్రశ్న లొకటి తరువాత నొకటి వచ్చిపోవును. కావున ఫారమును చదువువాడొకడు, పన్ను కట్టువాడు మఱియొకడు అయినప్పుడు, ఇద్దఱిని పిలువవలయును. అది వేఱు వేఱు దినములలో.

అన్నిటికంటె దూరముగా నిలుచువాడు మఱియొకడున్నాడు. అమెరికాలో ఆదాయము చాల తక్కువైనందున లెక్క దాఖలు చేయనక్కఱలేని కుటుంబములు కలవు. వారి బిడ్డ కళాశాలలో చదువుచున్నచో, లెక్క దాఖలు చేసి ఫారము నింపినయెడల, ఇంతకుముందు చెప్పిన 1,000 డాలర్ల వఱకు వారికి వచ్చుట కలదు. కాని వారు పన్నుదారుల జాబితాలో లేరు. జాబితా చూచి ఫోను చేయువాడు వారి యింటికి ఎన్నడును ఫోను చేయడు. కచేరీ పుస్తకములలో లేనివారిని కచేరీ పుస్తకములు చూచి పట్టుకొనుట యెట్లు? బడులు, కళాశాలల ఫీజు కిటికీలు, గ్రంథాలయములు, ప్రార్థనామందిరములు, ఇట్టి చోటుల ద్వారముననే వెదకవలయును. ఇది శ్రమతోడి పని. ఇందుకు వ్యయమును హెచ్చు. అందుచేతనే తఱచుగా జరుగదు.

నమ్మకము మాట చెప్పక తీరదు. ఈ దినములలో గుఱుతు తెలియని నెంబరునుండి ఫోను వచ్చి, "మేము పన్ను శాఖవారము" అన్నంతనే వివేకము గలవాడు పెట్టివేయును; పెట్టివేయుటయే సరి. ఓటీపీ చెప్పి ఖాతా ఖాళీ చేసికొన్నవారి కథలు మన రైలుపెట్టెలలో నిత్యము వినబడుచున్నవి. కాబట్టి నిజముగా గోష్ఠికి పిలుచువారు పాన్ సంఖ్యను గాని, ఆధారు సంఖ్యను గాని, బ్యాంకు ఖాతాను గాని, ఓటీపీని గాని అడుగరాదు. అడుగ నవసరమును లేదు. ముందు ఒక యుత్తరము పంపి, దానిలో తిరిగి విచారించుకొనుటకు కచేరీ చిరునామా నిచ్చి, ఆ తరువాతనే ఫోను చేయవలయును. చెప్పిన మాటలు మీ పన్ను లెక్కకు అంటవని స్పష్టముగా వ్రాయవలయును. తన లెక్కలో తప్పున్నదని గోష్ఠిలో నొప్పుకొనినవానికి మఱునాడు నోటీసు వచ్చినచో, ఆ యూరిలో మఱి యెవ్వరును గోష్ఠికి రారు. అమెరికాలో దీనికొక చట్టమే కలదు. 1980లో చేసి 1995లో సవరించిన ఆ చట్టము ప్రకారము, కేంద్రప్రభుత్వపు శాఖ యేదైనను పదిమందినో అంతకు హెచ్చుమందినో ఒకే ప్రశ్న లడుగవలెనన్నచో ముందుగా ప్రభుత్వపు బడ్జెటు కచేరీనుండి యనుమతి సంఖ్యను పొందవలయును. ఎందఱి నడుగుదురు, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషములు పట్టును అనునది లెక్కకట్టి చెప్పవలయును. వడపోతలో తప్పిపోయినవాడు ఫోనులో వెచ్చించిన నిమిషములు గూడ ఆ లెక్కలోనికి వచ్చును. ఆ సంఖ్య లేని ప్రశ్నలకు జవాబు చెప్పకున్నను దండన లేదు. ప్రజల కాలమునకు ఇట్లు లెక్క చూపించు నియమము మాకు మిక్కిలి నచ్చినది.

గదిలోనికి వచ్చిన తరువాత జరుగవలసినది కొంచెమే చెప్పెదము. మాటలకంటె చేతలు మేలు. ఖాళీ ఫారమును, కల్పించిన యొక రసీదును చేతికిచ్చి, "దీనిని నింపుచు మీ మనస్సున తోచినది పైకి చెప్పుడు" అని కోరి, మధ్యవర్తి మౌనముగా నుండవలయును. పెన్సిలు ఏ గడియొద్ద ఆగినది, ఎవరు పుట త్రిప్పి మరల వెనుకకు త్రిప్పిరి, ఎవరు ప్రక్కవాని కాగితములోనికి తొంగిచూచిరి, ఇవి వ్రాసికొనవలయును. "బాగున్నదా?" అని యడిగిన బాగున్నదనియే యందురు, మన వారికి మర్యాద యెక్కువ. ఇట్టి గోష్ఠులవలన ఎందఱికి కష్టమో తెలియదు. ఆ లెక్కకు వేఱు విచారణ కావలయును. కష్ట మెచ్చటనో, ఏ మాటవలననో మాత్రము తెలియును.

కష్టము తెలిసి ఫారమును దిద్దిన పిమ్మట, దిద్దినదానిని మరల పరీక్షింపవలయును. ఆ రెండవ గోష్ఠికి మొదటివారిని పిలువరాదు. వారు మంచివారే, వచ్చుట కిష్టపడుదురు, వారి ఫోను నెంబర్లును చేతిలో నుండును. కాని వారప్పటికే ఫారము నేర్చుకొన్నవారు. కొత్తవారి కొఱకు వెదకులాట మొదటినుండి మొదలుపెట్టవలసినదే.